మాలేగావ్ పోండి, పగ్గం మాత్రం పట్టుకోకండి

ప్రశ్న: మాది నర్సంపేట పక్కన ఊరు. మూడెకరాల పొలం, రెండు బర్లు, నాలుగు మేకలు ఉన్నయి. ఈ యేడు దోస్తులతోని మాలేగావ్ జాతరకు పోయి గుర్రాల అంగడి చూసొద్దామనుకుంటున్న. కొనాలని లేదు. కాని నా సంగతి నాకు తెలుసు. పోయిన యేడు పగ్గాలు కొందామని అంగడికి పోయి మేకపోతును పట్టుకొచ్చిన. గుర్రంతోని ఇంటికొస్తే అమ్మగారింటికి పోతనంటున్నది మా ఆమె. మా దోస్తు మాత్రం, పెండ్లిళ్లకు కిరాయికిస్తే దాని ఖర్చు అదే ఎల్లదీసుకుంటదంటడు. పదకొండేండ్ల బిడ్డ గూడ వస్తనంటున్నది. పోవాల్నా, వద్దా? పోతే కొనకుంట ఎట్ల రావాలె?

సమాధానం: పోండి. నాందేడ్ జిల్లా లోహా తాలూకాలోని మాలేగావ్ మీకు మరీ దూరమేమీ కాదు. నిజామాబాద్, బోధన్ దాటి వెళ్తే సుమారు నాలుగు వందల కిలోమీటర్లు. మార్గశిర మాసంలో, అంటే డిసెంబర్ - జనవరి ప్రాంతంలో, ఖండోబా పేరున జరిగే జాతర అది. మన ఐలోని మల్లన్నే అక్కడ ఖండోబా. ఆయన వాహనం గుర్రం కాబట్టి ఆ జాతరలో గుర్రాలకు పెద్దపీట. మార్వాడీ, కాఠియావాడీ, తెల్లటి నుక్రా గుర్రాలు, పొట్టి దక్కనీ తట్టులు, గాడిదలు, ఆ ప్రాంతపు ఎర్ర కంధారీ పశువులు అన్నీ ఒక్కచోట దొరుకుతాయి. గుర్రమంటే ఇష్టమున్న మనిషి చూడకుండా ఉండాల్సిన చోటు కాదది.

మీ ఉత్తరంలో మంచి మాట మేకపోతు సంగతి. దాన్నిబట్టి చూస్తే మనసు గట్టిగా పెట్టుకోండని చెప్పడం మీకు పనికిరాదు. అంగడిలో నిలబడ్డాక మనసు మాట వినదు. కొనే దారులన్నీ ఇంటి దగ్గరే మూసేసి, అక్కడ చేతికి ఒక పని పెట్టుకుని వెళ్లాలి. ఆ పని గుర్రాలను పరీక్షించడం. పది గుర్రాలను సరిగ్గా పరీక్షించి, కనిపించింది నోటుబుక్కులో రాసుకుని రండి. లోపాలు వెతికే కన్ను పడ్డాక మోజు సగం దానంతటదే దిగుతుంది.

ముందు దారులు మూసే సంగతి. బొలెరో పికప్పులో పోవద్దు. వెనక ఖాళీ డబ్బా ఉన్న బండి సగం బేరం అయినట్టే. బస్సుకో రైలుకో పోండి, లేదా కారులో నలుగురూ నిండుగా కూర్చుని పోండి. భోజనాలకు, దారి ఖర్చులకు సరిపోయే నగదు చాలు. అసలు ప్రమాదం ఫోన్‌తో. బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితిని తగ్గించుకునే వీలుంటే 2,000కు దించండి. వీలు లేకపోతే పైసలున్న ఖాతాను ఫోన్‌లోంచి తీసేసి, ఖర్చులకు సరిపోయేంత వేసుకున్న ఇంకో ఖాతా మాత్రం ఉంచుకోండి. ఏటీఎం కార్డు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. దోస్తుల దగ్గర కూడా ముందే మాట తీసుకోవాలి: మీరు అడిగినా అప్పు ఇవ్వబోమని. ఇది తమాషాగా అనిపిస్తుంది కానీ, జాతరలో కొన్న పశువుల్లో చాలా వాటి మొదటి పైసలు పక్కన నిలబడ్డ దోస్తు జేబులోంచే వస్తాయి.

అంగడిలో మూడు పనులు చేయకండి. ఒకటి, నోటితో ధర చెప్పొద్దు. "ఎంత?" అని అడగడం దాకా తప్పు లేదు. "యాభైకి ఇస్తవా?" అన్నారో చిక్కుకున్నట్టే. అమ్మేవాడు లక్షన్నర చెప్పిన గుర్రానికి మీరు నవ్వులాటకు యాభై వేలు అంటారు, అతను "తీస్కో" అంటాడు. ఆ తర్వాత పది మందిలో మాట తప్పినవాడు మీరే. రెండోది, రుమాలు కింద చేయి పెట్టొద్దు. పైకి ఎవరికీ వినపడకుండా వేళ్లు పట్టి ధర చెప్పుకునే పద్ధతి మన పశువుల అంగళ్లలోనూ ఉంది. అలవాటు లేని చేతికి ఎదుటివాడు పట్టిన వేలు వెయ్యా, పది వేలా అన్నది తెలియదు. మూడోది, పగ్గం చేతికి తీసుకోవద్దు. "ఒక్కసారి పట్టుకొని నడిపించి చూడు అన్నా, పైసలెవరడిగిన్రు?" అంటారు. గుర్రం మీ వెంట నాలుగడుగులు వేసి, మెడ మీ భుజానికి తాకించి నిలబడిందంటే ఇక యూపీఐ పరిమితి గుర్తుండదు. నడిపించడం అమ్మేవాడి పని. మీరు చూడండి.

బయానా సంగతి వేరే చెప్పాలి. "వెయ్యి రూపాయలిచ్చి ఉంచు, రేపు నచ్చకపోతే పో" అనేది అక్కడ ఎక్కువగా వినపడే మాట. బయానా వెనక్కి వచ్చేది తక్కువ. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, ఆ వెయ్యి పోగొట్టుకోవడం ఇష్టం లేక మనిషి మిగతా లక్ష పెట్టేస్తాడు. మీ పక్కన చేరి తెలుగులోనో హిందీలోనో ఆప్యాయంగా మాట్లాడే దళారి ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకుంటాడు. అతను చెడ్డవాడని కాదు. బేరం కుదిరితేనే అతనికి కూలి.

ఇప్పుడు చేతికి పెట్టుకునే పని. పొద్దున ఆరింటికల్లా అంగడిలో ఉండండి. గుర్రాలకు నూనె రాసి, కుచ్చులు కట్టి, సున్నితంగా దువ్వి నిలబెట్టేలోపు చూడాలి. రాత్రంతా నిలబడ్డ గుర్రం మొదటి పది అడుగుల్లో కుంటుందా లేదా అన్నది ఆ వేళకే తెలుస్తుంది. కాస్త నడిచాక కండరాలు వేడెక్కి చిన్న కుంటు దాగిపోతుంది.

వయసుతో మొదలుపెట్టండి. పెదవి ఎత్తి కింది దవడ ముందు పళ్లు ఆరు చూడండి. పశువులకు చూసినట్టే, కానీ గుర్రానికి పై దవడకూ ముందు పళ్లు ఉంటాయి. పాలపళ్లు చిన్నగా, తెల్లగా, చిగురు దగ్గర సన్నగా ఉంటాయి. పక్కా పళ్లు పెద్దవి, పసుపు రంగువి, పొడవునా గీతలున్నవి. నడిమి రెండు పక్కా పళ్లు రెండున్నరేళ్లకు, వాటి పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు వస్తాయి. ఐదేళ్లకు నోరు నిండుతుంది. మగ గుర్రానికి నాలుగైదేళ్ల మధ్య కోరపళ్లు కూడా వస్తాయి. ఆ తర్వాత పళ్ల మీది గుంటలు చూడాలి. కింది నడిమి పళ్లలో ఆరేళ్లకు, పక్క వాటిలో ఏడేళ్లకు, చివరి వాటిలో ఎనిమిదేళ్లకు అరిగిపోతాయి. పదేళ్ల ప్రాంతంలో పై దవడ చివరి పన్ను మీద చిగురు దగ్గర ఒక గాడి మొదలై, పదిహేనుకు సగం దాకా, ఇరవైకి పన్ను చివరి దాకా దిగుతుంది. ముసలి గుర్రం పళ్లు పక్క నుంచి చూస్తే ముందుకు వాలి ఉంటాయి. అరిగిన పన్ను మీద గుంట చెక్కి, నల్లగా కాల్చి వయసు తగ్గించే మోసం పాతది. గుంట ఒక్కటే చూసి నమ్మకండి. గుంటలు ఉండి, పళ్లు ముందుకు వాలి, గాడి సగానికి దిగి ఉంటే ఆ గుంటలు ఉలితో పుట్టినవే. ఎనిమిదేళ్లు దాటాక పళ్లను బట్టి చెప్పే వయసు అంచనాయే. "ఆరేండ్లది, రాసిస్త" అని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకోండి.

తర్వాత కాళ్లు. గుర్రంలో మనం పైసలు పెట్టేది కాళ్లకే. అమ్మేవాణ్ని గట్టి నేల మీద, పగ్గం వదులుగా పట్టుకుని, తిన్నగా ముప్పై అడుగులు నడిపించమనండి. తర్వాత దుల్కీలో, అంటే నడకకూ పరుగుకూ మధ్య వేగంలో, మీ నుంచి దూరంగా పోయి మళ్లీ మీ వైపు రావాలి. మీ వైపు వచ్చేటప్పుడు తల చూడండి. ముందు కాలు నొప్పిగా ఉన్న గుర్రం, ఆ కాలు నేల తాకగానే తల పైకి ఎత్తుతుంది, బాగున్న కాలు మీద పడ్డప్పుడు దించుతుంది. దూరంగా పోయేటప్పుడు తుంటి చూడండి. వెనక కాలు నొప్పి ఉంటే ఆ వైపు తుంటి ఎక్కువగా ఎగిసిపడుతుంది. పగ్గం బిగించి, గడ్డం పైకి లాగిపట్టి పరుగెత్తించేవాడు ఆ తల ఊపునే దాస్తున్నాడు. మెత్తటి ఇసుకలోనే నడిపిస్తాననేవాడి లెక్కా అంతే.

ఆ తర్వాత చిన్న గుండ్రంలో రెండు వైపులా తిప్పించి, నాలుగడుగులు వెనక్కి నడిపించమనండి. వెనక కాళ్లు ఒకదానికొకటి తగులుతూ, డెక్క మొన నేలకు గీరుతూ, నడుము అటూ ఇటూ ఊగితే కుమ్రి అయి ఉండొచ్చు. పశువుల పొట్టలో ఉండే ఒక సన్నటి పురుగు పిల్ల దోమల ద్వారా గుర్రంలోకి చేరి వెన్నుపామును దెబ్బతీస్తే వచ్చే జబ్బు అది. పశువులూ దోమలూ ఎక్కువ ఉన్న మన దగ్గర గుర్రం పెంచేవాళ్లందరికీ ఉన్న భయమే. డెక్కలు ఎత్తించి అడుగు చూడండి. మధ్యలోని మూడు మూలల మెత్తటి భాగం నల్లగా, కుళ్లు వాసనతో ఉంటే తడిలో కట్టేసి ఉంచారని అర్థం. డెక్క గోడ మీద అడ్డంగా గీతలు ముందు దగ్గరగా, మడమ వైపు విడిపోతూ ఉంటే లోపల డెక్క వాపు వచ్చి పోయిందన్న గుర్తు. అలాంటి గుర్రానికి అది మళ్లీ మళ్లీ వస్తుంది.

సూది పొడిచిన గుర్రాన్ని గుర్తుపట్టడం ఇంకో పాఠం. చుట్టూ డీజే మోగుతుంటే, పక్క గుర్రం సకిలిస్తుంటే ఒక్కటి మాత్రం బుద్ధిమంతురాలిలా తల వాల్చి నిలబడి ఉంటుంది. కింది పెదవి వేలాడుతుంది, కాళ్లు ఎడంగా పెట్టి ఉంటుంది, చలి పొద్దున కూడా ఒంటి మీద అక్కడక్కడా చెమట మచ్చలు ఉంటాయి. మగదైతే అంగం బయటికి జారి ఉంటుంది. దాన్ని చూసే "అబ్బ, ఎంత సాధువు, బిడ్డ ఎక్కొచ్చు" అనుకునేది. మందు కొన్ని గంటల్లో దిగుతుంది. నొప్పి సూది అయితే ఒకటి రెండు రోజులు పనిచేస్తుంది, ఆ రెండు రోజులూ కుంటు కనపడదు. నీళ్లు పెట్టకుండా ఉంచి నీరసంతో నెమ్మది చేసేవాళ్లూ ఉంటారు. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. చిగురు జిగటగా, పొడిగా ఉంటే దాహంతో ఉన్నట్టు. రంగుల మోసమూ ఉంది. 2022లో పంజాబ్‌లో లక్షలు పోసి నల్ల గుర్రం కొన్న ఒకాయన ఇంటికి తెచ్చి స్నానం చేయిస్తే రంగు కారి మామూలు ఎర్ర గుర్రం బయటపడిందన్న వార్త మీరూ చూసి ఉంటారు. తడి తెల్ల రుమాలుతో మెడ కింద, కాళ్ల దగ్గర రుద్దడానికి ఒప్పుకోనివాడి దగ్గర మిగతా పరీక్షలు కూడా దండగ.

సుడుల గురించి గంటలు గంటలు చెబుతారు. ఏ సుడి ఇంటికి మేలు, ఏది యజమానికి కీడు అని. గుర్రం ఆరోగ్యానికీ వాటికీ సంబంధం లేదు. కానీ ధరకు ఉంది, అమ్మబోయేటప్పుడు కొనేవాడు వాటినే అడుగుతాడు. అంతవరకే పట్టించుకోండి. కాఠియావాడీ, మార్వాడీల చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తాకడం చూడముచ్చటగా ఉంటుంది. అది జాతి గుర్తు. మంచి గుర్రమని అనడానికి గుర్తు కాదు. గెంతుతూ నాచ్ చేసే గుర్రాల దగ్గర మాత్రం పెదవి మూలలు చూడండి. పాత పుండ్ల మచ్చలు ఉంటే ముళ్ల కళ్లెంతో నేర్పారని. అలాంటిది పిల్లలకు అస్సలు పనికిరాదు.

ఎత్తు అడిగితే అక్కడ అంగుళాల్లో చెబుతారు. మెడ వీపును కలిసే చోటి మూపు దాకా కొలవాలి, తల దాకా కాదు. మీ టేపుతో ఇంకో రెండు కొలతలు రాసుకోండి: ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిర్ర మొన దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. 160 చుట్టుకొలత, 150 పొడవు ఉన్న గుర్రం 323 కిలోలు. ఈ అంకెతో ఇంటి దగ్గర లెక్క కట్టొచ్చు. ఆ లెక్క జాతరకు పోయే ముందే ఒకసారి మీ ఇంటామెతో కూర్చుని కట్టండి.

గుర్రం రోజుకు తన బరువులో సుమారు నూటికి రెండు వంతుల ఎండు మేత తినాలి. 323 కిలోలదానికి ఆరున్నర కిలోలు. పచ్చగడ్డిలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి ఆ లెక్కకు రోజూ 3 కిలోల మంచి ఎండుగడ్డి, 15 కిలోల పచ్చగడ్డి, అరకిలో నుంచి కిలో దాకా దాణా అనుకోండి. ఏడాదికి టన్నుకు పైన ఎండుగడ్డి, ఐదున్నర టన్నుల పచ్చగడ్డి. నీళ్లు రోజుకు 20 నుంచి 40 లీటర్లు, మే నెలలో ఇంకా ఎక్కువ. మీ ఊరి రేట్లు పక్కన రాసి నెలకు ఎంతవుతుందో కూడండి. రెండు బర్లు పాలిచ్చి తమ గడ్డి తాము సంపాదించుకుంటాయి. గుర్రం అలా కాదు.

మేత ఖర్చు కంటే పెద్ద చిక్కు మేతలో ఉంది. మీ ఇంట్లో ఉన్న మేత బర్లకు సరిపోయింది కదా, గుర్రానికీ సరిపోతుంది అనుకునే దగ్గరే ఈ ప్రాంతంలో గుర్రాలు చస్తాయి. వరిగడ్డి ముతక, అరగదు. అదే ప్రధాన మేతైతే, పైగా నీళ్లు తక్కువ తాగితే, పెద్దపేగులో గడ్డకట్టి కడుపునొప్పి పట్టుకుంటుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, బర్రెలాగా నెమరు వేయదు. ముందు కాలితో నేల గీరడం, డొక్క వైపు తిరిగి చూడడం, పడుకుని పొర్లడం కనిపిస్తే గంటల్లో డాక్టరు రావాలి. తవుడు ఇంకో వల. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. నెలల తరబడి తవుడే దాణాగా పెడితే ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం తోడుకుంటుంది. దవడ ఎముకలు ఉబ్బి ముఖం లావెక్కుతుంది, కుంటు ఇవాళ ఒక కాలికి రేపు ఇంకో కాలికి మారుతుంది. సూపర్ నేపియర్ లాంటి గడ్డిలో ఆక్సలేట్లు కాల్షియాన్ని అందనీయవు, కాబట్టి తవుడు, నేపియర్ రెండూ కలిస్తే మరీ ప్రమాదం. పచ్చి జొన్న మేపితే మూత్రాశయం, నడుము నరాలు దెబ్బతినొచ్చు.

మక్కల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మీ దిక్కు ప్రతి ఇంట్లో ఉంటాయి. కల్లంలో వానకు తడిసి బూజు పట్టిన మక్కలు బర్లు తిన్నా తట్టుకోవచ్చు, గుర్రానికి మాత్రం విషం. ఆ బూజు విషం మెదడును లోపల మెత్తగా చేసేస్తుంది. గుర్రం గోడకు తల ఆనించి నిలబడుతుంది, గుండ్రంగా తిరుగుతుంది, పడిపోతుంది. వైద్యం లేదు. పక్క షెడ్డు నుంచి తెచ్చిన కోళ్ల దాణా కూడా అంతే. అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు కోళ్లకు రక్తపారుడు రాకుండా వేసేది. అది గుర్రం గుండె కండరాన్ని చంపుతుంది. ఉలవలు మంచివే, నానబెట్టి కొలిచి పెట్టాలి. ఎక్కువైతే డెక్కలు వాచి నిలబడలేదు.

కొట్టం సంగతి త్వరగా చెబుతాం. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు గది, పది అడుగులకు తగ్గని ఎత్తు, మే ఎండకు రేకుల మీద గడ్డి కప్పు, జారని నేల. ముళ్లతీగ ఉన్న కంచెలో గుర్రాన్ని వదలకూడదు. బెదిరినప్పుడు తీగలోకి దూసుకుపోయి కాలి నరాలు తెంపుకుంటుంది. అడవి పందుల కోసం చేలకు కరెంటు తీగ పెట్టేవాళ్లున్న ఊళ్లో అయితే రాత్రిపూట పగ్గం తెంపుకున్న గుర్రం గురించి చెప్పనక్కర్లేదు. అసలు ఆ తీగే చట్టవిరుద్ధం, మనుషులే పోతున్నారు. ఒంటరిగా ఉన్న గుర్రం మనసు చెదిరి కర్ర కొరుకుతూ, నిలబడ్డ చోటే ఊగుతూ ఉంటుంది. మంద జంతువు అది. మేకలు తోడుగా కొంత పనికొస్తాయి. మీ మేకపోతుకు ఇక్కడ ఒక ఉద్యోగం దొరికేది.

డాక్టరు విషయం పోకముందే తేల్చుకోండి. 1962కు ఫోన్ చేస్తే పశువైద్యం బండి మీ ఊరికి వస్తుంది, అది మంచి సదుపాయమే. మీరు అడగాల్సింది మాత్రం ఇది: గుర్రానికి ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగే అలవాటున్న డాక్టరు ఎవరు, రాత్రి పదకొండింటికి ఫోన్ ఎత్తుతారా? మామునూరు పశువైద్య కళాశాలలో ఒకసారి అడిగి రండి. నాలలు కొట్టేవాళ్ల సంగతీ అంతే. ఎడ్ల డెక్క రెండుగా చీలి ఉంటుంది, గుర్రానిది ఒక్కటే. ఎడ్లకు నాలలు కొట్టే చేతికి గుర్రం డెక్క చెక్కడం రాదు, ఆరేడు వారాలకోసారి చెక్కకపోతే కాలు వంకర పోతుంది. నర్సంపేటలోనో వరంగల్‌లోనో ఆ పని తెలిసినవాళ్లెవరో పేరు చెప్పగలిగే దాకా గుర్రం మాట ఎత్తకండి.

మీ దోస్తు చెప్పిన పెండ్లిళ్ల కిరాయి లెక్కకు వద్దాం. ఒక క్యాలెండర్ తెచ్చుకుని మూఢాలు, ఆషాఢం, భాద్రపదం, పుష్యం కొట్టేయండి. మిగిలిన ముహూర్తాల్లో మీ మండలంలో గుర్రం మీద బరాత్ తీసే ఇళ్లెన్నో లెక్కపెట్టండి. మూఢంలో గుర్రం తినడం మానదు. బ్యాండుకు, పటాకులకు, కళ్లలోకి కొట్టే లైట్లకు అదరకుండా నిలబడేలా తయారు చేయడానికి నెలలు పడుతుంది, అది చేయడం తెలిసిన మనిషి కావాలి. బెదిరి పెండ్లికొడుకును కింద పడేస్తే ఆ ఇంటివాళ్లు దోస్తును అడగరు, మిమ్మల్నే అడుగుతారు. టౌనులో ఆ పని చేసేవాళ్లకు నాలుగైదు గుర్రాలు, షామియానా, బ్యాండు అన్నీ ఉంటాయి కాబట్టి గిట్టుబాటు అవుతుంది. ఒక్క గుర్రంతో ఆ వ్యాపారం నడవదు.

జాతరలో మిమ్మల్ని నిజంగా పడగొట్టేది అందమైన గుర్రం కాదు. అందమైనదాని ధర మీకు అందదు, కాబట్టి దాంతో భయం లేదు. చివరి వరుసలో పక్కటెముకలు తేలి, జీను పుండు మీద ఈగలు ముసిరి నిలబడ్డ బక్క గుర్రం దగ్గర జాగ్రత్త. చివరి రోజు సాయంత్రం దాని ధర పడిపోతుంది. బండి కిరాయి పెట్టి వెనక్కి తీసుకుపోవడం కంటే అమ్మడమే నయమని అమ్మేవాడు చూస్తాడు. అప్పటికి దాన్ని చూసి వదిలేసినవాళ్లంతా మీకంటే బాగా తెలిసినవాళ్లని మాత్రం గుర్తుంచుకోండి. జాలితో మీరిచ్చే పైసలు వచ్చే యేడు ఇంకో బక్క గుర్రాన్ని ఆ వరుసలోకి తెస్తాయి. మనసు ఒప్పకపోతే ఒక బకెట్ నీళ్లు, ఒక కట్ట గడ్డి కొనిచ్చి పెట్టండి. జాతరలో పశువైద్య శిబిరం ఉంటే పుండు సంగతి అక్కడ చెప్పండి. అది మీ చేతిలో ఉన్న సాయం.

ఇవన్నీ చేసినా ఒక గుర్రం మనసులోంచి పోకపోతే, దానికీ ఒక పద్ధతుంది. అమ్మేవాడి ఊరు, ఫోన్ నంబరు రాసుకోండి, పళ్లు, నాలుగు కాళ్లు, సుడులు ఫోటోలు తీసుకోండి, బయానా ఇవ్వకుండా ఇంటికి రండి. రెండు వారాలు ఆగి అతని ఊరికే చెప్పకుండా వెళ్లి చూడండి. అప్పటికి సూది దిగిపోయి ఉంటుంది, నొప్పి మందు అరిగిపోయి ఉంటుంది, జాతరలో అంటుకున్న గొంతు గడ్డల జబ్బు ఉంటే దవడ కింద వాపుగా బయటపడి ఉంటుంది. ఈలోపు అమ్ముడుపోతే పోనీయండి. ఉంటే డాక్టరును వెంట తీసుకెళ్లి పరీక్ష చేయించి, గ్లాండర్స్‌కు రక్తం తీయించండి. ముక్కులోంచి చీము, కాళ్ల మీద పుండ్లు తెచ్చే ఆ జబ్బు మనుషులకూ అంటుతుంది. 2009 పశువ్యాధుల చట్టం కింద ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బు అది, తేలిన గుర్రాన్ని బతకనీయరు. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దీనికి పెద్ద దిక్కు, శాంపిల్ పంపే దారి పశుసంవర్ధక శాఖ డాక్టరు చెబుతారు. ఈలోపు టౌనులో బరాత్ గుర్రాలు పెంచేవారి దగ్గర ఒక నెల రోజులు పొద్దున్నే పోయి పేడ ఎత్తి, మాలీసు చేసి, మేత వేయండి. రోజుకు పది పదిహేను కిలోల పేడ ఎత్తాక కూడా ఇష్టం నిలిస్తే మళ్లీ రాయండి, అప్పుడు కొనడం గురించి మాట్లాడుకుందాం.

బిడ్డను తీసుకుపోవచ్చు. చెప్పులు కాదు, బూట్లు వేయండి. కట్టేసిన గుర్రాల వెనక నుంచి కనీసం పదడుగులు ఎడంగా నడవాలి. మగ గుర్రాలూ ఆడ గుర్రాలూ పక్కపక్కనే కట్టిన వరుసల్లోకి అసలు పోవద్దు, తన్నులాట ముందు చెప్పి రాదు. ఎవరో పిలిచి ఎక్కించబోతే హెల్మెట్ లేదని చెప్పి వద్దనండి. గుర్రం మూతి దగ్గర అరచేయి చాచి గడ్డి తినిపించనీయకండి, ముక్కు కారే గుర్రాన్ని ముట్టనీయకండి, తినే ముందు సబ్బుతో చేతులు కడిగించండి. ఏ గుర్రానికీ పేరు మాత్రం పెట్టనీయకండి, ఆ తర్వాత యూపీఐ పరిమితి పెంచమని అడిగేది మీ దోస్తు కాదు, తనే. జాతరలో పగ్గాలు, గజ్జెలు, మాలీసు బ్రష్షులు మంచివి దొరుకుతాయి, మీ 2,000 వాటికి ఖర్చు పెట్టుకోండి. తిరిగొచ్చాక బర్ల కొట్టంలోకి పోకముందే బూట్లు బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగి ఎండలో పెట్టండి, ఆ బట్టలు వేరుగా ఉతకండి.